కాసాయి మీద ట్రయల్

పడవ నీళ్లలోకి జారింది, జారి మునగలేదు, ఈ రోజుకి అది చాలు అనుకున్నాడు నూకరాజు, అనుకుని, దాన్ని దొర్లించడానికి గట్టున పరిచిన పాత స్లీపరు దుంగల మీదే కూలబడిపోయాడు. లేవాలి. లేచి ఇంజను తిప్పి చూడాలి. మూడు గంటలైనా జ్యేష్ఠమాసం ఎండ దిగలేదు, ఆనికట్టు వెనక నిలిచిన కాసాయి నది నీళ్లు కొత్త రేకులా మెరుస్తున్నాయి, గట్టు మీద జనం చప్పట్లు కొడుతున్నారు, చేతులు కలవడం కనబడుతోంది గానీ ఆ చప్పుడు దూదిలో చుట్టి పంపినట్టుగా వస్తోంది. తొమ్మిది నెలలు. దసరా వెళ్లిన ఆదివారం మొదలుపెట్టి ప్రతి ఆదివారమూ, పండగ సెలవులు కూడా, ఖరగ్‌పూర్ మలంచాలో కలప అడితి వెనక రేకుల షెడ్డులోనే గడిచిపోయాయి. కోలాఘాట్ ఒడ్డున బురదలో బోర్లాపడి ఉన్న యుద్ధం నాటి లాంచీని వరద సహాయ సమితి వాళ్లు లారీ మీద తెచ్చి దింపిన రోజున దానికి అడుగు చెక్కలు సగం లేవు, ఇంజను ఉండాల్సిన చోట కప్పలు కాపురం పెట్టాయి. చెక్కపనంతా ఆమోసు చేశాడు, రైల్వే వర్క్‌షాపులో బోగీలకి తలుపులు బిగించే వడ్రంగి. ఇంజను పని నూకరాజుది, ఎక్కడో పాడుబడి ఉన్న జీపు ఇంజను తెచ్చి, మర మరా విప్పి, కిరసనాయిల్లో కడిగి, అరిగినవి పారేసి, దొరకనివి తనే లేతు మీద తీసి, మళ్లీ బిగించాడు. "తొమ్మిది నెల్లు మోసినాం గదన్నా, కాన్పు తేలిగ్గానే అయిపోనాది" అంటున్నాడు ఆమోసు మొలలోతు నీళ్లలో నిలబడి నవ్వుతూ. నోరు కనబడింది కాబట్టి ఆ మాట అందింది. నోరు కనబడకపోతే అందదు. ఆ సంగతి ఆమోసుకి తెలీదు, ఎవరికీ తెలీదు.

ఎవరికీ తెలియకుండా దాచుకోవడం ఎంత చాకిరీయో అది చేసినవాడికే తెలుస్తుంది, మనిషి ఎదురుగా నిలబడాలి, పెదాలు చూడాలి, అందరూ నవ్వినప్పుడు నవ్వాలి, అందనప్పుడు తల ఊపాలి, ఊపిన తల దేనికి ఒప్పుకుందో తర్వాత కనుక్కోవాలి. ఇంటికెళ్లేసరికి ఒళ్లు నొప్పులు కాదు, మొహం నొప్పి. పద్దెనిమిదో ఏట ఖలాసీగా చేరినప్పుడు బాయిలర్ షాపులో వేశారు, రివెట్లు కొట్టేవాళ్లు బయట, తను లోపల, ఆ ఇనప కడుపులో ముడుచుకుని కూర్చుని రివెట్టు తలకి దిమ్మ ఆనించి పట్టడమే పని, బయట సుత్తి పడితే లోపల పుర్రెలో పడేది, పదకొండేళ్లు అలా పడింది. తర్వాత ఇంజనీర్లు లైను చూసుకోడానికి తిరిగే మోటారు ట్రాలీల సెక్షనుకి మార్చారు, అక్కడే పెట్రోలు ఇంజన్లు చేతికి పట్టుబడ్డాయి, బతికిపోయాననుకున్నాడు, కానీ పోవలసింది అప్పటికే బయల్దేరింది. ముందు చిన్న చిన్నవి పోయాయి, గొళ్లెం తీసిన చప్పుడు, చెంబు దొర్లిన చప్పుడు, చూరులో పిచ్చుకలు. అవి పోయినట్టే తెలియలేదు, లేనిదాన్ని ఎవడు లెక్కపెడతాడు. ఆ తర్వాత సింహాచలమ్మ గొంతు పోయింది. అదీ తెలియలేదు. ఆవిడ మాటలు తగ్గించేసిందనుకున్నాడు. యాభై దాటింది, అలిసిపోయి ఉంటుంది, దేనికో కోపం పెట్టుకుని ఉంటుంది, ఉంటే ఉండనీ అనుకున్నాడు, మొదట్లో కాస్త హాయిగా కూడా ఉండేది, తర్వాత తర్వాత, పక్కింటి ఆడవాళ్లతో ఆవిడ నోరు అంత చకచకా ఆడుతుంటే చూసి, నాతోనే లేదా మాట అని లోపల్లోపల నొచ్చుకునేవాడు.

లేచాడు. లేచి, పడవ అంచు పట్టుకుని, ఎడంకాలు ఎక్కడ వేసినా ఆ పక్కకే ఒరిగే దాన్ని తిట్టుకుంటూ లోపలికి దిగాడు. యాభై ఆరేళ్ల మనిషి, పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, పెరిగింది పట్టాల పక్కన, నేల కదలడం అతనికి చేతకాదు. ఆమోసు చుక్కాని దగ్గర కూర్చున్నాడు. నూకరాజు హ్యాండిలు తిప్పాడు, ఒకసారి, రెండోసారి, ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించి చూశాడు, అందుకుంది. చెవి చెప్పాల్సింది అరచెయ్యి చెప్పడం నేర్చుకుని మూడేళ్లయింది, చెయ్యి చాలనప్పుడు స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి ఆనించి పిడి పళ్లతో పట్టుకుంటాడు, చూసేవాళ్లు అదేదో పాతకాలం ఫిట్టర్ల కిటుకనుకుంటారు. మెల్లగా వెళ్తే బాగుంది. సగం జోరులో బాగుంది. ఇంకాస్త పెంచేసరికి వెనక దిగబడి, ముక్కు గాల్లోకి లేచిపోయి, ఎదురుగా ఏముందో ఆమోసుకి కనబడక మెడ సాగదీస్తూ మళ్లీ గట్టుకే తిప్పుకొచ్చాడు. ముందు బరువు చాల్లేదు. సమితి సెక్రెటరీ ఘోషాల్ డాక్టర్ ఇసక బస్తాలు తెప్పించమని ఎవరికో చెబుతున్నాడు, ఈలోగా గంగమ్మకి కొబ్బరికాయ కొట్టడానికి వచ్చి పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డ సింహాచలమ్మ, పళ్లెం కింద పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపి, "బస్తాలెందుకు, నాను లేనా" అని నడిచొచ్చి ఎక్కేసింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పాదం ఎక్కడ వెయ్యాలో పాదానికే తెలిసినట్టు పడవ నడిమి కర్ర మీద వేసింది, పడవ వేలెడు కూడా ఊగలేదు, ముందుకెళ్లి కాళ్లు మడుచుకుని కూర్చుంది. ఆమోసు నోరు తెరిచి చూశాడు. నూకరాజూ చూశాడు.

భీమిలి పిల్ల. మేనత్త కూతురు. తండ్రి నూకయ్య మావ తెప్ప మీద పదేళ్లప్పటి నుంచీ తిరిగింది, పదిహేనో ఏట తనకిచ్చి చేసి ఈ ఊరు పంపించారు, ముప్పై ఏడేళ్లు, మెయిల్లోంచి దిగి ట్రంకుపెట్టె పట్టుకుని నడుస్తూ "ఈ ప్లాట్‌ఫారానికి కొసే లేదేటి మావా" అని అడిగింది, నీళ్లెక్కడున్నాయని అడిగింది, ఉన్నాయి, నది ఉంది, చూపిస్తానన్నాడు, తీసుకొచ్చాడు, నడి వేసవి, ఇక్కడికే, ఆనికట్టు దిగువకి, కాసాయి అంతా ఇసక, మధ్యలో చీర అంచంత నీరు, అది చూసి నవ్వింది, నవ్వి నవ్వి తర్వాత ఏడ్చింది, మళ్లీ ఎప్పుడూ నీళ్ల మాట ఎత్తలేదు. ఆవిడకి నీళ్లు కావాలేమోనని తనూ మళ్లీ అడగలేదు. షిఫ్టులు, పిల్లలు పుట్టడం, ఇద్దరు పోవడం, ఒక్కర్తె బతకడం, దాని పెళ్లి, బొకారో పంపడం, సైరను, మళ్లీ సైరను. ఇప్పుడు చూస్తే పడవ ముక్కున కూర్చున్న ఆ వీపు తనకి తెలిసిన వీపు కాదు, నిటారుగా ఉంది.

ఈసారి ముక్కు దిగింది, పడవ సాఫీగా నడిచింది, మూడు పాళ్ల జోరు వరకూ అరచేతికింద ఇంజను పాలు తాగే దూడలా ఉంది, అక్కణ్నించి ఒక్క పిసరు పెంచగానే తేడా వచ్చింది. అదురు కాదు. అదురైతే తెలుస్తుంది. ఏదో బిగపట్టినట్టు, ఇంజను తన బలం తనే మింగేస్తున్నట్టు, పడవ లేవాల్సిన చోట లేవక నీళ్లని దున్నుకుంటూ పోతోంది. ఆపాడు. ప్లగ్గులు విప్పి చూశాడు, కాస్త తెల్లగా కాలి ఉన్నాయి, తుడిచి బిగించాడు. కార్బొరేటరు చూశాడు. వెనక పంకాకేమైనా నాచు చుట్టుకుందేమోనని ఆమోసు దిగి తడిమొచ్చాడు, లేదు. మళ్లీ తిప్పాడు, మళ్లీ అదే. షెడ్డులో ఈ జబ్బు బయటపడదు, అక్కడ పడవ కదలదు, ఇంజనుకి బరువు తెలీదు. స్క్రూడ్రైవరు పళ్లతో కరిచి వంగాడు. దవడలోకి ధన ధన ధన అని బరువైన చప్పుడొకటే వస్తోంది, దాని వెనక ఇంకేదో ఉంది, ఉందని తెలుస్తోంది, అందడం లేదు, ఇలాగే, సరిగ్గా ఇలాగే వంగి ఉన్నాడు ఆ రోజు కూడా.

వద్దనుకున్నాడు. అయినా వచ్చింది. తొమ్మిది నెలలుగా వంగినప్పుడల్లా వస్తూనే ఉంది. భాద్రపదం, వరద, గట్టు తెగి ఊళ్లు మునిగాయి, సమితి వాళ్లు అద్దెకి తెచ్చిన మోటారు బోటు మీద తననీ ఎక్కించుకున్నారు, ఇంజను మొరాయిస్తే చూడ్డానికి మిస్త్రి ఉండాలని. మొరాయించింది. పెట్రోల్లో నీళ్లు. బోటుని తాటిచెట్టుకి కట్టి, వేరే పెట్రోలు తెస్తామని ఇద్దరు కుర్రాళ్లు మునిగిన గట్టు మీద నడుచుకుంటూ పోయారు, తనొక్కడే కార్బొరేటరు విప్పి, ఊది, తుడిచి, మళ్లీ ఊది, ఎంతసేపో, అరగంటో, ముప్పావు గంటో. చెమట తుడుచుకోడానికి తల తిప్పాడు. వెనకాల వెదురు పొదకి ఒక ఇంటి గడ్డి కప్పు ఆనుకుని ఆగి ఉంది, దాని కొప్పు మీద ఒక ఆడమనిషి, ఒక చేత్తో గడ్డి పట్టుకుని, ఒక చెయ్యి పైకెత్తి, నోరు తెరుస్తోంది, మూస్తోంది, తెరుస్తోంది. శబ్దం లేదు. అరవలేకపోతోందేమో, గొంతు పోయిందేమో అనుకున్నాడు, ఒక్క క్షణం అలాగే అనుకున్నాడు, అప్పుడు తెలిసింది పోయింది ఆవిడ గొంతు కాదని, తన చెవులేనని. ఆ కప్పు కొట్టుకొచ్చిన దారి చూశాడు, తన బోటుని రాసుకున్నంత దగ్గర నుంచి వచ్చింది, పిలుస్తూనే వచ్చి ఉంటుంది, తను వీపు చూపిస్తూ కూర్చున్నాడు. తాడు విసిరాడు. చాల్లేదు. ఇంకోసారి విసిరాడు. వెదురు పొద వంగి కప్పుని వదిలేసింది. కుర్రాళ్లు తిరిగొచ్చి అడిగితే "కప్పొకటి కొట్టుకుపోయింది" అన్నాడు. అబద్ధం కాదు. ఆ మాటని తొమ్మిది నెలలు నిజం కిందే మోశాడు.

భుజం మీద చెయ్యి పడింది. సింహాచలమ్మ, ముందు నుంచి పాక్కుంటూ వచ్చి, అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, చిన్నపిల్లాణ్ని తిప్పినట్టు.

"సెనగలు" అంది.

"ఏటి?"

"ఇసకలో సెనగలు ఏపినట్టు సప్పుడొస్తంది మావా. టపటప, టపటప. నువ్వు జోరు పెంచినప్పుడే వస్తంది. తగ్గిస్తే పోతంది. నీకు ఇనబడ్లేదు గదా."

అడగడం కాదది. సెనగలు. మంట ముందుగా అంటుకుంటోంది, టైమింగు ముందుకి ఉంది, అందుకే ప్లగ్గులు తెల్లబడ్డాయి, అందుకే బలం మింగేస్తోంది, ఇంకో పది రోజులు ఇలాగే తిప్పితే పిస్టన్ తలలు చిల్లులు పడతాయి, నడి వరదలో, మనుషుల్ని ఎక్కించుకున్నాక. ఏ ట్రాలీ సెక్షను కుర్రాడైనా పది గజాల నుంచి విని చెప్పేవాడు, సన్నటి చప్పుడు, పైచప్పుడు, తనకి అన్నిటికన్నా ముందు పోయింది అదే.

"ఇక్కడ కూకో" అన్నాడు. "సప్పుడెక్కువుంటే సెయ్యి తెరువు. తగ్గుతుంటే మూసుకో."

ఆ టైమింగు మార్చే డిస్ట్రిబ్యూటరు నట్టు వదులు చేశాడు. ఆమోసుని పూర్తి జోరులో పోనిమ్మన్నాడు. ఆనికట్టు వెనక నీళ్లలో పడవ చుట్లు కొట్టింది, ఒకటి, రెండు, మూడు, అతను డిస్ట్రిబ్యూటరుని వెంట్రుక వాసి వెనక్కి తిప్పడం, ఆవిడ చెయ్యి చూడడం, ఐదు వేళ్లూ విచ్చి ఉన్నాయి, ఇంకో వెంట్రుక, నాలుగు, ఇంకోటి, ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది, గాలికి ముంగురులు మొహం మీద పడుతున్నా తుడుచుకోవడం లేదు, రెండు వేళ్లు, ఒక వేలు, పిడికిలి. పిడికిలి పడగానే అరచేతి కింద ఇంజను మారిపోయింది, బిగపట్టినదేదో వదిలేసింది, పడవ నీళ్ల మీదికి లేచింది. చూద్దామని ఇంకాస్త వెనక్కి తిప్పితే బరువెక్కింది, మళ్లీ పిసరు ముందుకి తెచ్చాడు, అక్కడ నట్టు బిగించాడు. ఆమోసు చుక్కాని వదిలేసి రెండు చేతులూ ఎత్తాడు, గట్టున జనం పరిగెడుతున్నారు. సంతోషం రావాలి. రాలేదు. చాలా దూరం నడిచి ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నప్పటి అలసటొకటే వచ్చింది.

గట్టుకి తిరిగొచ్చేటప్పుడు ఇంజను నెమ్మది చేసి, ఆవిడ మొహం చూసి అడిగాడు, "ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండేళ్లయింది. నీ ఎనకాల నిలబడి కూడెట్టనా అనడిగినాను, నాలుగుసార్లు. ఐదోసారి ముందుకొచ్చి కంచం ఎట్టినాను."

"సెప్పలేదేం?"

"నువ్వు సెప్పలేదు గదా. దాసుకుంటే దాసుకోనీ అనుకున్నాను. ఎనకాల్నించి మాటాడ్డం మానేసినాను. ఎదరకొచ్చి మాటాడాలంటే అన్ని మాటలూ అక్కర్లేదని తెలిసింది" అంది.

ఘోషాల్ డాక్టర్ నీళ్లలోకి దిగి వచ్చేశాడు, ధోవతి తడిసిపోతున్నా చూసుకోకుండా. చేతిలో కాగితం ఉంది. వర్క్‌షాపు మేనేజరుకి ఉత్తరమట, వానాకాలం నాలుగు నెలలూ నూకరాజుని ఈ పడవకి డ్రైవరుగా పంపమని, ఎల్లుండి స్వయంగా తీసుకెళ్తానన్నాడు, ఇంకెవరున్నారు రాజుదా నువ్వు కాక అన్నాడు. ఎదురుగా నిలబడి అన్నాడు కాబట్టి ప్రతి మాటా అందింది. తల ఊపితే సరిపోతుంది. ఇన్నేళ్లూ ఊపిన తలే. కాదంటే ఎందుకని అడుగుతారు, చెబితే ఆ మాట వర్క్‌షాపుకి పోతుంది, అక్కడ పై సార్లకి తెలిస్తే స్టోరు గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెడతారు, ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసున్న మిస్త్రిని, వచ్చేపోయేవాళ్లకి దండం పెట్టడానికి. రెండేళ్లు. రెండేళ్లే ఉంది రిటైరవడానికి. సింహాచలమ్మ పడవలోంచి దిగి చీర పిండుకుంటోంది, ఇటు చూడడం లేదు, చూడకుండా ఉండడానికి ఎంత జాగ్రత్త పడుతోందో కనబడుతోంది.

"నాకు సెవులు ఇనబడవు డాక్టర్ బాబూ" అన్నాడు నూకరాజు. అనేశాక ఆగలేదు. "పోయినేడు వరదల్లో గడ్డి కప్పు మీద ఒకావిడ నా ఎనకాలే పిలుస్తూ కొట్టుకుపోనాది. నాకు ఇనబడ్లేదు. నాను తిరిగి సూసేసరికే అయిపోనాది. ఆవిడ అరిసింది, నాను ఇన్లేదు. కప్పని సెప్పినాను అందరికీ, మనిషుందని సెప్పలేదు. ఇంజను దగ్గిర నన్నెట్టకండి. పిలిసినోళ్ల పిలుపు ఇనబడనోడు పడవలో ఎందుకు?"

సింహాచలమ్మ చేతిలోని చీర కొంగు జారిపోయింది. డాక్టర్ మాత్రం కళ్లు చిట్లించి చూస్తున్నాడు, మర్యాదగా, కొంచెం కంగారుగా.

"ఆబార్ బోలో, రాజుదా" అన్నాడు, మళ్లీ చెప్పమని. "తెలుగు బుఝి నా."

తెలుగులో చెప్పాడు తను. తొమ్మిది నెలలు నోట్లో పెట్టుకుని తిరిగిన మాటని అర్థం కాని మనిషికి తెలుగులో చెప్పాడు. నవ్వొచ్చినట్టయింది, ఏడుపొచ్చినట్టూ అయింది. ఇంకోసారి చెప్పాలి, ఈసారి బంగ్లాలో, బజారులో కూరలు బేరమాడే బంగ్లాలో, ఆ భాషలో దీనికి సరిపడా మాటలు తన దగ్గర లేవు, ఉన్న నాలుగు ముక్కలతోనే చెప్పాలి. బన్యా, వరద. చాల్, ఇంటి కప్పు. ఒక దీదీ, అక్క. డాక్‌ఛిలో, పిలుస్తోంది. అని తన చెవులు తనే ముట్టుకుని చూపించాడు. "ఆమి శున్తే పాయ్‌ని." నేను వినలేకపోయాను. అంతే. తెలుగులో అంత పొడుగున్నది బంగ్లాలో మూడు మాటలైంది, చెప్పేసి నీళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు.

తల ఎత్తేసరికి డాక్టర్ కళ్లజోడు తీసేశాడు. నది వైపు తిరిగాడు. మాట్లాడుతున్నాడని భుజాలు కదలడాన్ని బట్టి తెలుస్తోంది, చాలాసేపు మాట్లాడాడు, నూకరాజుకి వీపు తప్ప ఏమీ కనబడలేదు. సింహాచలమ్మ వింటోంది, ఆవిడ మొహం మెల్లగా మారుతోంది. డాక్టర్ మాట ఆగిపోయాక ఆవిడ వచ్చి నూకరాజు ఎదురుగా నిలబడింది.

"ఉత్తరం మారుస్తారంట. ఆమోసు పేరు రాస్తారంట. వానలు పడేలోగా నువ్వు ఆమోసుకి ఇంజను నేర్పాలంట."

"సరే."

ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

"ఇంకేటన్నారు?"

"ఆ రోజు పెట్రోలు డ్రమ్ములో నీళ్లు సేరినాయని ఆయనకి అనుమానం ఉన్నదంట. వడగట్టడానికి టైము లేదని అలాగే పొయ్యించి పంపేసినారంట. ఎవరికీ సెప్పలేదంట ఇన్నాళ్లూ." ఆవిడ గొంతు ఎంత నెమ్మదిగా ఉందో పెదాలే చెబుతున్నాయి. "మీ బోటు ఆగిపోనాదని తెలిసిన కాణ్నించి నిద్దర్లేదంట మావా ఆయనకి. ఆ కప్పు మీద మనిషుందని ఇప్పుడే తెలిసిందంట."

పడవ ఖాళీగా గట్టుని మెల్లగా తాకుతోంది. ఆమోసు దాని తాడు చేతికి చుట్టుకుని, ఎవరి వైపు చూడాలో తెలియక, ఇంజను మూత మీద పడ్డ నీళ్లు తుడుస్తున్నాడు. నూకరాజుకి కూర్చోవాలని ఉంది, ఈ రోజు పొద్దుటి నుంచీ, కాదు, భాద్రపదం నుంచీ కూర్చోవాలనే ఉంది. కూర్చోలేదు. నీళ్లలోకి నడిచాడు, మోకాళ్ల లోతు, ఇంకొంచెం ముందుకి, డాక్టర్‌ని దాటి, తిరిగి, ఆయన మొహం బాగా కనబడే చోట నిలబడ్డాడు. కళ్లజోడు లేని ఆ మొహం చాలా ముసలిగా ఉంది.

"ఆబార్ బోలూన్, డాక్టర్ బాబూ" అన్నాడు, బంగ్లాలోనే. "ఇటు తిరిగి చెప్పండి. నేను చూస్తాను."